కొరియన్ వంట డ్రామాల్లో ఏది చూడాలి? పొయ్యి ఎక్కడ ఆరిపోతుందో ముందే తెలుసుకుని ఎంచుకోండి

వంట డ్రామా కదా అని మొదలుపెడతాం. మొదటి ఎపిసోడ్లో పొగలు కక్కే పులుసు, చకచకా ఆడే కత్తి, తెరలోకి చెయ్యి పెట్టి అందుకోవాలనిపించే గిన్నె. ఆరో ఎపిసోడ్‌కి వచ్చేసరికి వంటగది తలుపులు మూసుకుపోతాయి. ఇక మిగిలేది ఆస్తి తగాదా, పాత పగ, వానలో ఒకే గొడుగు కింద ఇద్దరు. "వంట చూద్దామని కూర్చుంటే ఇదేంటి" అనిపించి మధ్యలో ఆపేసినవాళ్ళు బోలెడుమంది.

దీనికి కారణం ఉంది. కొరియన్ డ్రామా మామూలుగా వారానికి రెండు ఎపిసోడ్లు వస్తుంది. ఒక్కోటి గంటకు అటూ ఇటూ, మొత్తం 16 దాకా. అంత నిడివిని ఒక్క వంటే మొయ్యలేదు కాబట్టి పక్కన ఇంకో కథ ఉండి తీరుతుంది. అందుకే ఎంచుకునేటప్పుడు రేటింగు కన్నా, నటీనటుల కన్నా ముందు చూడాల్సింది ఒకటే: ఇందులో పొయ్యి ఎంతసేపు వెలుగుతుంది, ఎక్కడ ఆరిపోతుంది, ఆరాక మిగిలే కథ మీకు నచ్చే రకమేనా?

ఇంకో తేడా కూడా మొదటే పట్టుకోవాలి. కొన్ని డ్రామాలు తినడాన్ని చూపిస్తాయి, కొన్ని వండడాన్ని చూపిస్తాయి. ఈ రెండింటి రుచీ వేరు. తినడం చూపించే డ్రామా ఆకలి పుట్టిస్తుంది, పని నేర్పదు. వండడం చూపించేది ఓపిక అడుగుతుంది, బదులుగా మన పప్పూ చారూ వైపు కూడా కొత్తగా చూసేలా చేస్తుంది. మూడో రకం హోటల్‌నో బేకరీనో కథకు వేదికగా మాత్రమే వాడుకుంటుంది. దాన్ని వంట డ్రామా అనుకుని మొదలుపెట్టడంతోనే నిరాశ మొదలవుతుంది.

రాజుగారి వంటిల్లు: పాతదా, కొత్తదా?

మొదట తేల్చుకోవాల్సిన పోటీ ఇదే. ఒకవైపు 'డే జాంగ్ గమ్', ఇంగ్లీషులో 'జ్యూవెల్ ఇన్ ద ప్యాలెస్'. ఇంకోవైపు 2025లో వచ్చిన 'బోనపెటీ, యువర్ మెజెస్టీ'.

'డే జాంగ్ గమ్' 2003 సెప్టెంబరు నుంచి 2004 మార్చి దాకా ఎంబీసీ ఛానల్లో 54 ఎపిసోడ్లుగా వచ్చింది. దర్శకుడు లీ బ్యుంగ్-హూన్, రచయిత్రి కిమ్ యంగ్-హ్యున్, నాయిక లీ యంగ్-ఏ. మన దూరదర్శన్ కూడా హిందీలోకి మార్చి 'ఘర్ కా చిరాగ్' పేరుతో వేసింది. కథాకాలం పాతకాలపు కొరియాని ఏలిన జోసన్ వంశపు రాజు జుంగ్‌జోంగ్ పాలన, 1506 నుంచి 1544 దాకా. ఆ రాజ్య వృత్తాంతాల్లో జాంగ్‌గమ్ అనే వైద్యురాలి ప్రస్తావన నిజంగానే ఉంది. ఆమె వంటింటి జీవితం మాత్రం కల్పన.

కల్పనే అయినా వంట మాత్రం అసలుసిసలు. జోసన్ రాజవంటకు గుర్తింపు పొందిన వారసురాలు హాన్ బోక్-ర్యో ఈ డ్రామాకు సలహాదారు. రాజుగారి భోజనాన్ని 'సురా' అంటారు, ఆ వంటిల్లు 'సురాగాన్'. అన్నం, పులుసు, కిమ్చీ అనే పులిసిన కూరగాయల పచ్చడి, సాసులు లెక్కలోకి రావు. అవి పోగా పన్నెండు రకాలు పళ్ళెంలో ఉండాలి. రాజు ముట్టకముందు ఒక సాంగ్‌గుంగ్, అంటే పెద్ద హోదా ఉన్న అంతఃపుర స్త్రీ, రుచి చూసి విషం లేదని తేల్చాలి. చెంచాలు, చాప్‌స్టిక్స్ వెండివి. గంధకం కలిసిన విషం తగిలితే వెండి నల్లబడుతుందని వాళ్ళ నమ్మకం. ఈ వివరాలేవీ పాఠంలా చెప్పరు. పని జరుగుతూ ఉంటుంది, మనం పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.

ఒక్క సన్నివేశం చాలు ఈ డ్రామా ఏమిటో చెప్పడానికి. చిన్నపిల్ల జాంగ్‌గమ్‌ని హాన్ సాంగ్‌గుంగ్ మంచినీళ్ళు తెమ్మంటుంది. తెస్తుంది. మళ్ళీ తెమ్మంటుంది. రోజులు గడుస్తాయి, ఎన్నిసార్లు తెచ్చినా "ఇది కాదు" అంటుంది. చివరికి ఆ పిల్ల నీళ్ళు తేవడానికి ముందు అడుగుతుంది: కడుపులో నొప్పిగా ఉందా, విరేచనం అయిందా, గొంతు నొప్పి ఉందా అని. అడిగి, గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చి, టీ తాగినట్టు మెల్లగా తాగమంటుంది. తినేవాళ్ళ ఒంటిని చూసి వడ్డించడమే వంట అన్న సంగతిని ఇంత నిశ్శబ్దంగా చెప్పిన సన్నివేశం ఈ రకం డ్రామాల్లో ఇంకోటి దొరకదు. బాగా పండిన పెర్సిమన్ పండు సన్నివేశం కూడా అలాంటిదే. మాంసంలో తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే జాంగ్‌గమ్ ఆ పండు పేరు చెబుతుంది. ఎలా తెలిసిందంటే, ఆ రుచి ఉంది కాబట్టి ఆ పండే అనుకున్నానంటుంది. కొరియాలో ఈ మాట ఇప్పటికీ జనం నోట నానుతూనే ఉంది.

ఇక పొయ్యి ఆరేది ఎక్కడో చెప్పాలి. దాదాపు సగం దగ్గర, 27వ ఎపిసోడ్ ప్రాంతంలో కథ రాజభవనం వదిలి జేజు ద్వీపం వెళ్తుంది. అక్కణ్ణుంచి వంట పోయి వైద్యం వస్తుంది. రెండో సగం చెడ్డది కాదు కానీ మూలికలు, సూదులు, నాడి పరీక్షలు, కుట్రలు. వంట కోసమే చూసేవాళ్ళు మొదటి సగాన్ని ఒక పూర్తి కథ అనుకుని అక్కడ ఆపినా నష్టం లేదు. ఇంకో హెచ్చరిక: మొదటి రెండు ఎపిసోడ్లు తల్లిదండ్రుల కథ, ఆ తర్వాత కొన్ని జాంగ్‌గమ్ చిన్నతనం. అక్కడే విసిగి వదిలేసేవాళ్ళు ఎక్కువ. నీళ్ళ సన్నివేశం దాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత మీరే ఆపరు.

'బోనపెటీ, యువర్ మెజెస్టీ' దారి వేరు. టీవీఎన్ ఛానల్లో 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 12 ఎపిసోడ్లుగా వచ్చింది, నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. నాయికగా చేసిన ఇమ్ యూన్-ఆ ఇందులో ఫ్రెంచ్ వంటలో ఆరితేరిన నేటి షెఫ్. కాలంలో వెనక్కి జారి నాలుక పదును, కోపం రెండూ ఎక్కువైన ఒక జోసన్ రాజు ముందు పడుతుంది. రాజు పాత్ర కల్పితం, కానీ 1494 నుంచి 1506 దాకా ఏలిన క్రూరుడు యోన్సాన్‌గన్ నీడ దానిమీద స్పష్టంగా ఉంది. ఇక్కడ పొయ్యి చివరిదాకా దాదాపు ఆరదు. ప్రతి ఎపిసోడ్‌కీ ఒక వంట కేంద్రం. ప్రాణం నిలబడాలన్నా వంటే, చైనా మింగ్ రాజ్యం వంటవాళ్ళతో పోటీ పడాలన్నా వంటే. ఆధునిక పనిముట్లు లేనిచోట అదే ఫలితం ఎలా రాబట్టాలన్న చిక్కే దీని అసలు సరదా.

ఈ రెండింటినీ పక్కపక్కన చూసేవాళ్ళు మిరపకాయ మీద ఒక కన్ను వేసి ఉంచండి. కొరియాకి మిరపకాయ వచ్చింది 16వ శతాబ్దం చివర, జపాన్ దండయాత్రల కాలంలో. 1614 నాటి 'జిబోంగ్ యుసల్' అనే గ్రంథంలో దాని ప్రస్తావన కనిపిస్తుంది. అంటే ఈ రెండు కథల కాలంలోనూ అక్కడ ఎర్ర కిమ్చీ లేదు, గొచుజాంగ్ అనే ఎర్రకారం ముద్దా లేదు. కొత్త డ్రామాలో నాయిక తనతో తెచ్చుకున్న గొచుజాంగ్‌తో, వెన్న వేసి బిబింబాప్ అనే కూరగాయల అన్నం కలిపితే జనం కళ్ళు తేలేయడానికి కారణం అదే. వాళ్ళ నాలుకకు ఆ మంట పుట్టి బుద్ధెరిగి తగల్లేదు. మనకీ ఇదే చరిత్ర. పోర్చుగీసువాళ్ళ ఓడలు రాకముందు మన కూరల్లో ఘాటంతా మిరియాలదే, 'మిరప' అన్న మాటలోనే మిరియం దాక్కుని ఉంది.

చరిత్ర పట్టింపు ఉన్నవాళ్ళకి ఒక సంగతి. జోసన్ భవనంలో పెద్ద వంటలు చేసినవాళ్ళు ఎక్కువగా మగ వంటవాళ్ళే, 'సుక్సు' అనేవాళ్ళు. 'డే జాంగ్ గమ్' ఆడవాళ్ళ వంటిల్లుని ముందుకు తెచ్చింది. కొత్త డ్రామా మగవాళ్ళ మధ్య ఒక ఆడమనిషిని ఆ సుక్సు పదవిలోనే కూర్చోబెట్టింది.

ఏది ఎంచుకోవాలి? 12 ఎపిసోడ్లు, రెండు మూడు వారాంతాలు, ఇంట్లో పిల్లలు కూడా కూర్చుంటారంటే కొత్తది. రుచి అంటే ఏమిటో మనసుకు పట్టాలంటే, రోజుకొక గంట చొప్పున రెండు నెలలు ఇవ్వగలిగితే పాతది. రెండూ చూసే ఉద్దేశం ఉంటే మాత్రం కొత్తదే ముందు చూడండి. 'డే జాంగ్ గమ్' చూశాక ఆ వేగం, ఆ హాస్యం తేలిగ్గా అనిపిస్తాయి. ఇదే తరహాలో 2020 డిసెంబరులో మొదలైన 'మిస్టర్ క్వీన్' కూడా ఉంది, 20 ఎపిసోడ్లు. నేటి అధ్యక్ష భవనపు మగ షెఫ్ ఆత్మ ఒక రాణి ఒంట్లో దూరుతుంది. కడుపుబ్బ నవ్విస్తుంది, షిన్ హే-సన్ నటన అద్భుతం. కానీ ముందుకు పోయేకొద్దీ వంట తగ్గి రాజకీయం పెరుగుతుంది.

పక్కా తిండి: లెట్స్ ఈట్

తినడం చూడాలంటే దీని తర్వాతే ఏదైనా. కొరియన్‌లో పేరు 'షిక్ష్యారుల్ హాప్షిదా', 'రండి భోంచేద్దాం' అన్నట్టు. మొదటి సీజన్ 2013 నవంబరులో మొదలై 16 ఎపిసోడ్లు. రెండోది 2015లో, 18. మూడోది 2018లో, 14. మూడింటిలోనూ యూన్ డూ-జూన్ చేసిన గూ డే-యంగ్ అనే బీమా ఏజెంటే నాయకుడు.

దీని పద్ధతి ఒకటే. పళ్ళెం వస్తుంది. గూ డే-యంగ్ దాన్ని ఎలా తినాలో వరస చెబుతాడు: ముందు ఏది, దేనితో కలిపి, సాసు ఎప్పుడు. ఆ తర్వాత మాటలు ఆగిపోతాయి. కెమెరా నోటికి దగ్గరగా వెళ్తుంది, కరకరలు, జుర్రుమనే చప్పుడు, పులుసు బుడబుడలు మాత్రమే వినిపిస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సగం రుచి అక్కడే. ఖాళీ కడుపుతో, రాత్రి పదకొండు దాటాక మాత్రం మొదలుపెట్టకండి. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఎపిసోడ్ పూర్తి చేయడం కష్టం.

మొదటి సీజన్ వెనక ఒక నిజమైన బాధ ఉంది. అక్కడ చాలా హోటళ్ళలో మాంసం కాల్చుకుని తినే వంటకాలు, పెద్ద గిన్నె పులుసులు కనీసం ఇద్దరికైతేనే ఇస్తారు. ఒంటరిగా బతికే మనిషి మంచి భోజనం తినాలంటే పక్కింటివాళ్ళతో స్నేహం చేయక తప్పదు. మొత్తం కథ అక్కణ్ణుంచే పుట్టింది. హైదరాబాద్ హాస్టళ్ళలోనో, డల్లాస్‌లో ఒంటిగది ఇంట్లోనో ఉంటూ ఒక్కరికే వండుకోవడం ఎందుకులే అనుకునేవాళ్ళకి ఇది గట్టిగా తగులుతుంది. అయితే మొదటి సీజన్లో వీధిలో జరిగే దాడుల మిస్టరీ ఒకటి సాగుతుంది. భోజనం మధ్య భయం ఇష్టం లేకపోతే రెండో సీజన్‌తో మొదలుపెట్టండి. సెజోంగ్ నగరంలో జరుగుతుంది, సియో హ్యున్-జిన్ తింటూ చేసే నటన సీజన్ మొత్తానికి వెలుగు. సీజన్ల మధ్య కథ పెద్దగా ముడిపడి లేదు, ఇబ్బంది రాదు. మూడోది అవసరం లేదు. మొదటి రెండూ చూసి ఇంకా ఆకలి తీరకపోతేనే.

వంటగది పని చూడాలంటే

హోటల్ వంటగదిలో అధికారం, వేడి, వేగం చూడాలంటే 2010లో ఎంబీసీలో వచ్చిన 'పాస్తా', 20 ఎపిసోడ్లు. మూడేళ్ళుగా పాత్రలు తోమి, ఉల్లిపాయలు ఒలిచి, ఇప్పుడిప్పుడే పాన్ పట్టే అవకాశం వచ్చిన అమ్మాయిగా గోంగ్ హ్యో-జిన్ చేసింది. కొత్తగా వచ్చిన షెఫ్ లీ సన్-క్యున్. 'పారసైట్' సినిమాలో ధనవంతుడైన పార్క్‌గా మనవాళ్ళందరికీ తెలిసిన నటుడు. "నా వంటగదిలో ఆడవాళ్ళు ఉండరు" అంటాడీ షెఫ్. ఈ కేకలు, ఈ ధోరణి ఈరోజు చూస్తే ఒంటికి పడవు. అది తెలిసే మొదలుపెట్టాలి. దాన్ని దాటగలిగితే మాత్రం హోటల్ పని ఇంత దగ్గరగా చూపిన కొరియన్ డ్రామా తక్కువ. ఆర్డరు చీటీ పడగానే ఎవరు దేనికి కదులుతారు, పళ్ళెం వెనక్కి వస్తే ఎవరి తల వంగుతుంది, "యే, షెప్!" అని అందరూ ఒక్క గొంతుతో అరవడం. అందులో ప్రేమకథ కూడా పొయ్యి పక్కనే నడుస్తుంది, వంటగదిని వదిలిపోదు.

అదే ఏడాది కేబీఎస్‌లో వచ్చిన 'బేకర్ కింగ్, కిమ్ టక్-గూ', 30 ఎపిసోడ్లు, మన తెలుగు సీరియళ్ళు అలవాటున్న పెద్దవాళ్ళకి నేరుగా ఎక్కుతుంది. వారసత్వం, దాచిన పుట్టుక, సవతి అన్నదమ్ములు, అన్నీ ఉన్నాయి. దాని నడుమ బ్రెడ్ తయారీ కూడా నిజాయితీగానే ఉంటుంది. గురువు పాల్‌బోంగ్ పెట్టే పరీక్షలు దీని సొగసు: లోకంలోకెల్లా కడుపు నింపే బ్రెడ్ చెయ్యి, లోకంలోకెల్లా సరదా అయిన బ్రెడ్ చెయ్యి అంటాడు. కొలతలు చెప్పడు. శిష్యుడు దాని అర్థం ఏమిటో వెతుక్కోవాలి. అమ్మానాన్నలతో కూర్చుని చూడటానికి ఈ మొత్తం జాబితాలో మొదటి ఎంపిక ఇదే.

2005 నాటి 'మై లవ్లీ సామ్ సూన్' కేకుల కన్నా ఆ కేకులు చేసే మనిషి కోసం చూడాలి. ముప్పై ఏళ్ళ, మొహమాటం లేని, లావుగా ఉన్నందుకు మాటలు పడే ఒక పేస్ట్రీ షెఫ్ కథ. వంట నాలుగో వంతు కూడా ఉండదు.

మెల్లగా ఉడికేవి

'టేస్ట్‌ఫుల్లీ యువర్స్' 2025లోనే వచ్చింది, 10 ఎపిసోడ్లు. నటులు కంగ్ హా-నల్, గో మిన్-సి. పెద్ద ఆహార సంస్థ వారసుడు రెసిపీల వేటలో జోంజు అనే ఊరికి వస్తాడు. అక్కడ ఒకే ఒక్క టేబుల్ ఉన్న హోటల్ నడిపే షెఫ్ ఎదురవుతుంది. జోంజు అంటే బిబింబాప్‌కి పుట్టిల్లులాంటి ఊరు, 2012లో యునెస్కో దాన్ని ఆహార సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో, ఎవరు పండించారో తెలిసిన సరుకుతో వండడం మీద శ్రద్ధ ఉంది. చివరి మూడు ఎపిసోడ్లలో కంపెనీ గొడవ బరువెక్కుతుంది. అంతదాకా హాయి.

అన్నిటికన్నా తక్కువమందికి తెలిసినది, అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయేది 2022 నాటి 'రెసిపీ ఫర్ ఫేర్‌వెల్'. 12 చిన్న ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట పైన. క్యాన్సర్‌తో ఉన్న భార్యకి భర్త వండిపెడతాడు. అంతే కథ. హాన్ సుక్-క్యు చేసిన ఆ భర్తకి మొదట వంట రాదు. ఉప్పు తగ్గించాలి, నూనె తగ్గించాలి, అయినా ఆమె రెండు ముద్దలు ఎక్కువ తినాలి. ఎలా? ఆ "ఎలా" కోసం ప్రతి ఎపిసోడ్లో ఒక వంటకాన్ని కడగడం నుంచి వడ్డించడం దాకా చూపిస్తారు. ఇక్కడ పొయ్యి ఒక్క క్షణం ఆరదు. ఇంట్లో జబ్బుమనిషికి వండిపెడుతున్నవాళ్ళు మాత్రం మనసు గట్టిగా ఉన్న రోజే చూడాలి.

ఇక వంట డ్రామాలుగా చలామణీ అయ్యే రెండింటి మాట. 'ఇతెవాన్ క్లాస్' మంచి డ్రామా, కానీ అది వ్యాపారం మీద, పగ మీద. సున్‌డుబు అనే మెత్తటి టోఫు పులుసు కనిపిస్తుంది, కథ నడిపేది మాత్రం డబ్బు. 'ఓ మై ఘోస్ట్' షెఫ్ కథే అయినా దయ్యం, ప్రేమ ముందు, వంట తర్వాత. ఇవి బాగా లేవని కాదు, వంట కోసం మాత్రం తెరవకండి. ఇంకో మాట: అక్కడి టీవీలో ఉత్పత్తుల ప్రచారాన్ని కథలో కలపడానికి 2010 నుంచి అనుమతి ఉంది. అందుకే ఆ తర్వాతి డ్రామాల్లో పాత్రలు హఠాత్తుగా ఒక శాండ్‌విచ్చో, ఒక కాఫీయో పట్టుకుని దాన్ని మెచ్చుకుంటే అది వంట సన్నివేశం కాదు, ప్రకటన.

డబ్బింగా, సబ్‌టైటిల్సా?

తెలుగు డబ్బింగ్ ఉన్నవాటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కొరియన్‌లో మనలాగే నువ్వు, మీరు తేడా ఉంది. 'పన్‌మల్' చనువు మాట, 'జొన్‌డేన్‌మల్' గౌరవపు మాట. ఇద్దరి మధ్య మీరు పోయి నువ్వు వచ్చిన క్షణం కథలో పెద్ద మలుపు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో అదంతా ఒకే 'యు'లో మునిగిపోతుంది, తెలుగులో నిలబడుతుంది. అలాగే 'బాప్' అంటే అన్నం, భోజనం కూడా. "బాప్ మగస్స?" అని అడిగితే మనం "అన్నం తిన్నావా?" అన్నంత మమకారం. ఇంగ్లీషులో "హ్యావ్ యు ఈటెన్" అనే సరికి ఆ మాట చప్పబడిపోతుంది.

కానీ 'లెట్స్ ఈట్'కి మాత్రం కొరియన్ ఆడియోనే పెట్టండి. అక్కడ చప్పుళ్ళే పాత్రలు, డబ్బింగ్‌లో అవి పలచబడతాయి. సబ్‌టైటిల్స్ చదువుతూ పళ్ళెం మిస్సవుతుంటే, తినే సన్నివేశాల్లో అక్షరాలు వదిలేసి బొమ్మ చూడండి. మాటలు తక్కువే ఉంటాయి. ఏ డ్రామా ఏ యాప్‌లో, ఏ భాషలో ఉందన్నది మారుతుంటుంది కాబట్టి చందా కట్టేముందు ఆ డ్రామా పేజీలో ఆడియో జాబితా చూసుకోండి.

పక్కన పళ్ళెంలో ఏముండాలి

చూస్తూ తినడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ఈ డ్రామాలు శిక్ష. డ్రామాని బట్టి వంటకం ఎంచుకుంటే బాగుంటుంది.

'లెట్స్ ఈట్'కి రామ్యాన్, అంటే కొరియన్ ప్యాకెట్ నూడుల్స్, చాలు. మనవాళ్ళు చేసే తప్పు ఒకటే, మ్యాగీకి పోసినట్టు కళ్ళతో కొలిచి నీళ్ళు పోయడం. షిన్ రామ్యాన్ ప్యాకెట్‌కి 550 మి.లీ. నీళ్ళు, తెర్లాక నాలుగున్నర నిమిషాలు. తక్కువ పోస్తే ఉప్పు, కారం నాలుక మీద కూర్చుంటాయి. ఉడికేటప్పుడు రెండు మూడుసార్లు నూడుల్స్‌ని పైకి ఎత్తి గాలి తగలనివ్వండి, సాగుడు నిలుస్తుంది. గుడ్డు ఆఖరి నిమిషంలో కొట్టి వేసి కలపకుండా వదిలేయాలి. కలిపితే పులుసు మడ్డిగా మారుతుంది.

'బోనపెటీ, యువర్ మెజెస్టీ'కి వెన్న బిబింబాప్. ఒక్కరికి ఒక పెద్ద గిన్నె వేడి అన్నం, సన్నగా తరిగి విడివిడిగా వేయించిన క్యారెట్, పాలకూర, పుట్టగొడుగులు, ఒక గుడ్డు. పెద్ద చెంచా గొచుజాంగ్‌లో చెంచా నువ్వుల నూనె, చెంచా నీళ్ళు, అర చెంచా చక్కెర కలిపి జారుగా చేసుకోండి. నేరుగా వేస్తే ముద్దలు ముద్దలుగా ఒకచోటే ఉంటుంది. 15 గ్రాముల వెన్నని చిన్న మంట మీద గోధుమరంగుకి వచ్చి జీడిపప్పు వేయించిన వాసన వచ్చేదాకా కాచి పైన పోయండి. నురుగు కింద మడ్డి నల్లబడితే చేదు, పారబోసి మళ్ళీ కాచండి. రెండు చోట్ల మన సరుకుతో తేడా వస్తుంది. వాళ్ళ బియ్యం పొట్టి గింజ, అతుక్కుంటుంది. సోనా మసూరి పొడిపొడిగా వస్తుంది కాబట్టి అరగంట నానబెట్టి, గ్లాసు బియ్యానికి రెండుంపావు గ్లాసుల నీళ్ళు పోయండి. వాళ్ళ నూనె వేయించిన నువ్వులది, మన గానుగ నూనె పచ్చి నువ్వులది. ఆ వాసన కోసం ఒక చెంచా నువ్వులు దోరగా వేయించి నలిపి చల్లండి.

వానరోజు ఏ డ్రామాకైనా తొక్‌పొక్కీ, అంటే ఎర్రటి కారం పులుసులో ఉడికించిన బియ్యపు కడ్డీలు. ఇద్దరికి 300 గ్రాముల బియ్యపు కడ్డీలు, అర లీటరు నీళ్ళు, రెండు పెద్ద చెంచాల గొచుజాంగ్, ఒక చెంచా కొరియన్ కారం, ఒక చెంచా సోయా సాస్, ఒకటిన్నర చెంచా చక్కెర. కడ్డీలు ఫ్రిజ్‌లోవైతే ఇరవై నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో నానాలి, లేకపోతే పైన మెత్తగా, లోపల రాయిగా ఉంటాయి. అన్నీ కలిపి ఎనిమిది నుంచి పది నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ చిక్కబడనివ్వాలి. ఎక్కువగా చెడేది కారం దగ్గర. గుంటూరు కారం ఒక చెంచా వేస్తే మంట తప్ప ఇంకేమీ తెలియదు. కొరియన్ కారం గింజ తీసిన, పలుకుగా ఉండే, కొంచెం తియ్యటి కారం. దొరక్కపోతే బ్యాడిగి మిరపకాయల గింజలు తీసి రవ్వలా పట్టుకోండి. గొచుజాంగ్‌కి మాత్రం బదులు లేదు, అది నెలల తరబడి పులిసిన ముద్ద.

కడ్డీలు దొరకనివాళ్ళు పాలతాలికలు చేసిన చేత్తోనే ప్రయత్నించవచ్చు. గ్లాసు బియ్యప్పిండిని ముప్పావు గ్లాసు మరిగే నీళ్ళతో, చిటికెడు ఉప్పుతో కలిపి, ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే తడిచేత్తో పది నిమిషాలు గట్టిగా మర్దించాలి. కొరియాలో ఉడికిన పిండిని బాగా దంచుతారు, సాగుడంతా ఆ దంచడంలోనే ఉంది. మర్దించడం తగ్గితే పులుసులో విరిగిపోతాయి. చల్లారితే ఎలాగూ గట్టిపడతాయి కాబట్టి మిగిలినవి నాలుగు చెంచాల నీళ్ళు చల్లి వేడిచేయాలి.

'పాస్తా'కి వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసే స్పఘెట్టీ. మనిషికి 100 గ్రాముల పాస్తా, లీటరు నీళ్ళకి పది గ్రాముల ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు చెంచాల నూనె. వెల్లుల్లి చల్లటి నూనెలో వేసి మెల్లగా వేడెక్కించాలి. అంచు బంగారు రంగుకి రాగానే పాస్తా ఉడికిన నీళ్ళు గరిటెడు పోసి పాన్ ఊపుతూ కలపాలి. ఆ గంజినీళ్ళు, నూనె కలిసి తెల్లటి పూతలా పట్టుకోవాలి. నూనె విడిగా తేలుతుంటే నీళ్ళు చాలలేదు, లేదా ఊపు చాలలేదు.

శాకాహారులు కిమ్చీ కొనేటప్పుడు వెనక రాసింది చదవండి. మామూలు కిమ్చీలో చేపల సాసు గానీ ఉప్పు రొయ్యలు గానీ దాదాపు ఎప్పుడూ ఉంటాయి, తొక్‌పొక్కీ పులుసుకి హోటళ్ళలో ఎండు చేపల రసం పోస్తారు. ఇంట్లో ఆ రసం బదులు అరచేయంత ఎండు సముద్రనాచు ముక్క, మూడు ఎండు పుట్టగొడుగులు అర లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు వాడండి. నాచు ముక్కని మాత్రం నీళ్ళు తెర్లకముందే తీసేయాలి, మరిగితే జిగురు, చేదు దిగుతాయి.